ట్రంపెట్ శ్రుతి కుదరాలంటే ఏది మేలు: ట్యూనరా, తంబురా యాపా, రికార్డింగా?

ట్రంపెట్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు స్వరాలు పలకడం ఒక దారికి వస్తుంది. అసలు చిక్కు అప్పుడే బయటపడుతుంది. స్వరం పలుకుతోంది, గాలి సరిపోతోంది, అయినా పక్కన కీబోర్డు మోగగానే ఎక్కడో తేడా కొడుతుంది. ఒక స్వరం పైకి పోతుంది, ఇంకోటి కిందికి జారుతుంది. అమెరికాలో స్కూల్ బ్యాండ్‌లో చేరిన మన పిల్లలకైనా, ఇక్కడ చర్చి బ్యాండ్‌లోనో పెళ్లి బ్యాండ్ మేళంలోనో ఊదడం నేర్చుకుంటున్న కుర్రాళ్లకైనా ఈ దశ తప్పదు. అప్పుడు ఎవరిని అడిగినా తలోమాటా చెప్తారు. ట్యూనర్ (స్వరం ఎంత ఎక్కువో ఎంత తక్కువో ముల్లుతో చూపే సాధనం) పెట్టుకో అని ఒకరు, తంబురాతో ఊదమని ఇంకొకరు, ఉత్త మౌత్‌పీస్ (పెదవులు ఆనించే ముక్క) ఊదమని మరొకరు, రికార్డు చేసుకుని విను అని వేరొకరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజువారీ సాధనకు తంబురా. వారానికో పది రోజులకో ఒకసారి ట్యూనర్. మిగతావి ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే, ట్రంపెట్‌లో శ్రుతి ఎక్కడెక్కడ తప్పుతుందో ముందు చూడాలి.

తప్పు పెదవులదా, గొట్టానిదా?

ట్రంపెట్ మీద వేళ్లతో నొక్కే మీటలు మూడుంటాయి, అవే వాల్వులు. వాల్వ్ నొక్కితే గొట్టం పొడవు పెరుగుతుంది, స్వరం దిగుతుంది. రెండో వాల్వ్ అర స్వరం, ఒకటో వాల్వ్ ఒక స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దించుతాయి. విడివిడిగా నొక్కినప్పుడు లెక్క సరిపోతుంది. కలిపి నొక్కినప్పుడే తప్పుతుంది. బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం విప్పి చూస్తే సుమారు 148 సెంటీమీటర్లు. ఒకటో వాల్వ్ దానికి 18, మూడోది 28 సెంటీమీటర్ల దాకా కలుపుతాయి. రెండూ కలిపి 46. కానీ రెండున్నర స్వరాలు దిగాలంటే కావలసింది దాదాపు 49 న్నర. మూడున్నర సెంటీమీటర్లు తక్కువ పడింది. అందుకే 1-3 నొక్కి ఊదే కింది డి ఎప్పుడూ పైకి పోతుంది. 1-2-3 మూడూ నొక్కే కింది సి షార్ప్ ఇంకా ఎక్కువ పోతుంది. అర స్వరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు కదా, ఆ లెక్కన డి 30 సెంట్లు, సి షార్ప్ 50 సెంట్ల పైన ఎక్కువగా ఉండాలి. తయారుచేసేవాళ్లు మూడో వాల్వ్ గొట్టాన్ని కాస్త పొడవుగా పెట్టి ఈ తేడా కొంత తగ్గిస్తారు. పూర్తిగా మాత్రం పోదు.

మూడో వాల్వ్ స్లైడ్‌కి, అంటే బయటికీ లోపలికీ జరిగే గొట్టం ముక్కకి, రింగు ఉండేది ఇందుకే. ఎడమచేతి ఉంగరపు వేలు అందులో పెట్టి, డి వచ్చినప్పుడు స్లైడ్‌ను బయటికి తొయ్యాలి. స్లైడ్‌కి రెండు కాళ్లు కాబట్టి ఒక సెంటీమీటరు జరిపితే గొట్టం రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే డి కి ఒకటిన్నర సెంటీమీటరు, సి షార్ప్‌కి అందుకు రెట్టింపు దాకా. మీ చెవి ఎంతంటే అంత. చాలామంది పిల్లలు ఆ రింగును పట్టుకోవడానికి పెట్టిన పిడి అనుకుంటారు. అది కదులుతుందని ఏళ్ల తరబడి తెలియని వాళ్లు ఉన్నారు, నాకు అదే బాధ.

కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా దానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది: స్లైడ్ వేలితో తోస్తే సులువుగా జారుతోందా చూసుకోండి. మన దగ్గర బ్యాండ్ మేళాల వాయిద్యాలు చాలావరకు మీరట్‌లోని జలీ కోఠీ ప్రాంతం నుంచి వస్తాయి. ఎన్నో చేతులు మారి సెకండ్ హ్యాండ్‌లో దొరికేవే ఎక్కువ. అలాంటివాటిలో మూడో స్లైడ్ పట్టేసి ఉండటం మామూలే. అది పట్టేసి ఉంటే తంబురా పెట్టినా ట్యూనర్ పెట్టినా డి దిగదు. ముందు రిపేరుకి ఇవ్వండి, తర్వాత సాధన.

ట్యూనర్: ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు చెడగొడుతుంది

ట్యూనర్ వల్ల పెద్ద లాభం, అది మొహమాటపడదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ చాలు. బ్యాండ్ గదిలో పదిమంది మధ్య ఊదేవాళ్లకైతే బెల్‌కి (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతికి) తగిలించుకునే క్లిప్ ట్యూనర్ మేలు, అది లోహం కంపనాన్నే పట్టుకుంటుంది కాబట్టి పక్కవాడి స్వరంతో తికమకపడదు. ట్యూబా, యుఫోనియం లాంటి పెద్ద ఇత్తడి వాద్యాల వాళ్లకు కింది స్వరాల దగ్గర ఫోన్ మైకు తడబడుతుంది, వాళ్లకీ క్లిప్పే నయం.

దాన్ని వాడే తీరు ముఖ్యం. కళ్లు మూసుకుని స్వరం పట్టండి. మీ చెవికి సరిగ్గా ఉంది అనిపించేదాకా నిలపండి. అప్పుడు కళ్లు తెరిచి చూడండి. వచ్చిన అంకె, ప్లస్ అయితే ప్లస్, మైనస్ అయితే మైనస్, ఒక కాగితం మీద ఆ స్వరం పక్కన రాసుకోండి. దిద్దకండి. కింది సి నుంచి పై జి దాకా అన్ని స్వరాలకూ ఇలా రాసి, రెండు మూడు వేర్వేరు రోజుల్లో మళ్లీ చెయ్యండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే, రోజురోజుకీ మారేవి మీ పెదవుల వల్ల వచ్చినవి, ఎప్పుడూ ఒకేలా ఉండేవి వాయిద్యం వల్ల వచ్చినవి అని తేలిపోతుంది. ఈ పనికి ట్యూనర్‌ను మించింది లేదు.

చెడగొట్టేదెప్పుడంటే, సాధన సాంతం దాన్ని ఎదురుగా పెట్టుకున్నప్పుడు. ముల్లు చూసి పెదవి సర్దడం అలవాటైపోతుంది. స్వరం మొదలైన కాసేపటికి గానీ ముల్లు నిలవదు, ఈలోపు తప్పు శ్రుతి వినేవాళ్ల చెవిన పడనే పడింది. ఫోన్ తీసేస్తే పిల్లాడు మళ్లీ మొదటికి వస్తాడు. ఎందుకంటే ఇన్నాళ్లూ పని చేసింది కన్ను. చెవికి పనే పడలేదు.

ఒక చిన్న విషయం, కొత్తవాళ్లకు టెన్షన్ పెట్టేది: మీరు సి ఊదితే ట్యూనర్ బి ఫ్లాట్ అని చూపిస్తుంది. తప్పు కాదు, బి ఫ్లాట్ ట్రంపెట్ అంటేనే అది. సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌పోజ్ మార్చుకోవచ్చు. ఆధార శ్రుతి 440 హెర్ట్జ్ మీద ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

తంబురా: నా ఓటు దీనికే

ఇత్తడి వాద్యం మన సంగీతంలో పుట్టింది కాదు, కానీ దాని శ్రుతి సరిచేసుకోవడానికి మన ఇళ్లలో ఉన్నంత మంచి సాధనం వేరే లేదు. ఎలక్ట్రానిక్ తంబురా అయినా ఫోన్ యాప్ అయినా సరే. బి ఫ్లాట్ ట్రంపెట్‌లో వాల్వ్ నొక్కకుండా ఊదే సి ని షడ్జం చేసుకుంటే అది ఆరున్నర శ్రుతి అవుతుంది. యాప్‌లో ఆరున్నర, లేదా బి ఫ్లాట్, లేదా ఎ షార్ప్ అని పెట్టుకోండి. మూడూ ఒకటే.

షడ్జం ఊదండి. సరిగ్గా కలవకపోతే శబ్దం వూఁ వూఁ అని ఊగుతుంది. ఆ షడ్జం 233 హెర్ట్జ్, మీరు 235 ఊదుతుంటే సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. దగ్గరకు వచ్చేకొద్దీ ఊపు నెమ్మదించి, కలిసిన చోట ఆగిపోతుంది. మీ ట్రంపెట్ శబ్దం ఒక్కసారిగా నిండుగా మారుతుంది. ఎక్కువా తక్కువా అని ఎవరూ చెప్పక్కర్లేదు. పెదవిని కాస్త వదులు చేసి చూడండి, ఊపు పెరిగితే అటు పోకూడదని చెవికే తెలుస్తుంది. రెండు వారాలు ఇలా చేసిన చెవి తంబురా లేని చోట కూడా వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ట్యూనర్ ఇది నేర్పలేదు.

తర్వాత పంచమం, తర్వాత పై షడ్జం. ఈ మూడూ వాల్వ్ నొక్కకుండానే వస్తాయి. గొట్టంలో గాలి సహజంగా పలికే స్వరాలే తంబురా తీగలు కూడా పలుకుతాయి కాబట్టి ఇక్కడ పెద్దగా పోట్లాట ఉండదు. ఆ పైన వాల్వ్ నొక్కకుండానే వచ్చే పై ఇ దగ్గర అసలు సంగతి ఉంది. అది ఆ గొట్టపు ఐదో సహజ స్వరం. ట్యూనర్ పెట్టి చూస్తే దాదాపు 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది. అదే స్వరాన్ని తంబురాతో ఊదితే హాయిగా కూర్చుంటుంది. ఎందుకంటే బాగా శ్రుతి చేసిన తంబురాలో తనంతట తాను వినిపించే అంతర గాంధారం కూడా అదే ఐదో స్వరం. కీబోర్డులో గాంధారాన్ని అన్ని శ్రుతులకూ సర్దుబాటుగా ఉండాలని కొంచెం పైకి జరిపారు. ట్యూనర్‌కి తెలిసింది ఆ కీబోర్డు గాంధారమే.

మరి ఏది నమ్మాలి? మీరు ఎవరితో ఊదుతున్నారో వాళ్లను. కీబోర్డు వాయించే రాగానికి జత కలుపుతుంటే ట్యూనర్ చెప్పినట్టు పైకి ఎత్తాలి. నలుగురు ఇత్తడి వాద్యాల వాళ్లు కలిసి మేజర్ కార్డ్ (షడ్జం, అంతర గాంధారం, పంచమం ఒకేసారి) పట్టినప్పుడు గాంధారం మీ వంతుకు వస్తే, దించి ఊదినప్పుడే కార్డ్ మోగుతుంది. మైనర్ కార్డ్‌లో (గాంధారం అర స్వరం కిందిది) గాంధారం దీనికి ఎదురు, కీబోర్డు కంటే 16 సెంట్ల దాకా పైన ఉండాలి. ముల్లు మధ్యలో నిలబెట్టడం ఒక్కటే శ్రుతి అని నేర్చుకున్న పిల్లలకు ఈ తేడా ఎన్నటికీ అందదు. తంబురా మీద పెరిగిన చెవి దాన్ని పేరు తెలియకుండానే పట్టేస్తుంది.

కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చినవాళ్లకు ఇంకో సలహా. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు ట్రంపెట్ మీద ఊది చూడండి. షడ్జానికి వాల్వ్ ఏదీ నొక్కక్కర్లేదు. శుద్ధ రిషభానికి 1-2-3, అంటే ట్రంపెట్‌లో అన్నిటికంటే ఎక్కువగా పైకి పోయే స్వరం షడ్జం పక్కనే వచ్చి కూర్చుంది. అంతర గాంధారానికి 1-2. ఆ జత లెక్క ప్రకారమే 11 సెంట్లు ఎక్కువ, తంబురా గాంధారమేమో కీబోర్డు కంటే 14 తక్కువ. అంటే పాతిక సెంట్లు దించాలి. ఒకటో వాల్వ్ స్లైడ్‌ను బొటనవేలితో ఒక సెంటీమీటరు పైచిలుకు తోస్తే సరిగ్గా అక్కడికి దిగుతుంది. ‘స రి గ మ’ అన్న నాలుగు స్వరాల్లోనే రెండు స్లైడ్‌లకూ పని పడింది. మొదటి కాలంలో, ఒక్కో స్వరం నాలుగు లెక్కలు నిలిపి, పది నిమిషాలు. శ్రుతి కోసం రాసిన ఏ ఎక్సర్‌సైజు కంటే ఇది తక్కువ కాదని నా నమ్మకం.

తంబురాకి ఉన్న లోపం ఒకటే, ట్రంపెట్ ముందు దాని గొంతు వినపడదు. ఫోన్ స్పీకర్‌తో ఈ పని జరగదు. బ్లూటూత్ స్పీకర్ చెవి ఎత్తులో పెట్టుకోండి, లేదా ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రెండో చెవి వదిలేయండి. మెల్లగా ఊదండి. మీకు మీరే తప్ప ఇంకేమీ వినపడకపోతే ఆ సాధన దండగ.

గొంతు, మౌత్‌పీస్

షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా ఊదిన ఆర్నల్డ్ జేకబ్స్ తన విద్యార్థులకు నొక్కి చెప్పింది ఇదే: ఊదే ముందు ఆ స్వరం తలలో మోగాలి. అది మోగుతోందో లేదో తెలుసుకోవడానికి పాడి చూడటమే దారి. గొంతు బాగుండక్కర్లేదు. నాలుగు స్వరాలు పాడి, అవే ఊది చూస్తే ఎక్కడ సందేహం ఉందో దొరికిపోతుంది. ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు ఇది సగం పని అయిపోయినట్టే. వాళ్లు ట్రంపెట్‌నూ పాటనూ రెండు వేరు సబ్జెక్టుల్లా చూడకుండా తల్లిదండ్రులు చూసుకోవాలి.

ఉత్త మౌత్‌పీస్ ఊదడం కూడా ఈ కోవలోదే. గొట్టం ఉన్నప్పుడు పెదవి కాస్త అటూ ఇటూ అయినా అది స్వరాన్ని తన చోటికి లాక్కుంటుంది. మౌత్‌పీస్‌కి ఆ సాయం లేదు, పెదవి ఎంత కంపిస్తే అంతే. కీబోర్డు మీద ఒక స్వరం నొక్కి మౌత్‌పీస్‌తో అందుకోండి, అక్కడి నుంచి జారుతూ పంచమానికి వెళ్లండి. స్వరం మధ్యలో కొట్టడం లేదు, శబ్దం బిగుసుకుపోయింది అన్నవాళ్లకు ఇది మందులా పనిచేస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు దాటనివ్వకండి, పెదవి అలిసిపోతుంది. వాల్వ్ జతల వల్ల వచ్చే తేడాలను మాత్రం ఇది ముట్టుకోదు.

రికార్డింగ్, కీబోర్డు

ఊదుతున్నప్పుడు మన శబ్దం మనకు దవడ ఎముక గుండా కూడా వినిపిస్తుంది, అందుకే బయట వినిపించేది వేరుగా ఉంటుంది. ఫోన్ రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి రికార్డు చేసుకుంటే, తంబురాలో గానీ ట్యూనర్‌లో గానీ దొరకని ఒక జబ్బు దొరుకుతుంది: పాట మొదట్లో ఉన్న శ్రుతి చివరికి వచ్చేసరికి ఎక్కడికి పోయిందో. అలసటకు కొందరు బిగించి పైకి పోతారు, కొందరు గాలి తగ్గి కిందికి జారతారు. మీరు ఏ రకమో తెలిస్తే సగం గెలిచినట్టే. ఊదిన వెంటనే వినకండి, మర్నాడు వినండి. ఒక చరణాన్ని రికార్డు చేసి, దాన్నే స్పీకర్‌లో పెట్టి దానికి గాంధారం దూరంలో పైన ఇంకో వరస ఊదడం ఒంటరిగా ఉన్నవాళ్లకు మంచి సాధన.

కీబోర్డు స్వరం వెతుక్కోవడానికి బాగుంటుంది. నిలిపి కలుపుకోవడానికి ఆర్గన్ శబ్దం పెట్టండి, పియానో శబ్దం మీరు కలిసేలోపే పడిపోతుంది.

పక్కన ఇంకొక మనిషి దొరికితే ఇవన్నీ రెండో వరసలోకి వెళ్తాయి. ఇద్దరు ట్రంపెట్ వాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్వరం నిలిపి, ఒకరు కదలకుండా ఉంటే ఇంకొకరు కలవడం, తర్వాత మారడం. బ్యాండ్‌లో అయితే ట్యూబానో యుఫోనియమో, అడుగున ఉన్న స్వరాన్ని విని దాని మీద కూర్చోండి. కింది స్వరం సెంటు తప్పినా సరే, అందరూ దాన్నే పట్టుకుంటే వినేవాళ్లకు బ్యాండ్ శ్రుతిలో ఉన్నట్టే.

తప్పు తెలిశాక దిద్దేదెలా: పెదవా, స్లైడా, వేరే ఫింగరింగా?

పెదవితో లాగి దిద్దడం అందరికీ అలవాటు. ఐదారు సెంట్ల దాకా ఫర్వాలేదు. అంతకు మించి లాగితే స్వరం తన చోటు వదిలి పలచబడుతుంది, ఎక్కువసేపు ఊదలేరు. ఎప్పుడూ తప్పే స్వరానికి స్లైడే సరైన మందు. వేగంగా పోయే స్వరాలకు స్లైడ్ అందదు, అక్కడ పెదవి సర్దుబాటే గతి, వినేవాళ్లకూ అంత తేడా తెలియదు.

కీబోర్డుతో ఊదేటప్పుడు తగ్గే పై ఇ కి వేరే ఫింగరింగ్ (నొక్కే వాల్వుల జత) ఉంది: ఖాళీగా కాకుండా 1-2 తో. పై ఇ ఫ్లాట్‌కి 2-3, దాని కింది డి కి 1-3. ఇవి ఆరో సహజ స్వరం నుంచి వస్తాయి కాబట్టి తగ్గవు, కొన్ని వాయిద్యాల్లో కాస్త ఎక్కువే అవుతాయి. శబ్దం రంగు కొద్దిగా మారుతుంది. నిలిపే స్వరానికి వాడండి, పరుగుల్లో వద్దు. వాయిద్యం మొత్తం శ్రుతి మార్చే మెయిన్ స్లైడ్‌ను మాత్రం ఒక్క స్వరం కోసం కదిలించకండి. దాన్ని ఒక సెంటీమీటరు లాగితే వాయిద్యం మొత్తం 23 సెంట్ల దాకా దిగిపోతుంది.

ట్రాంబోన్ వాళ్లకు ఈ గొడవంతా ఒక్క స్లైడ్‌లోనే ఉంది, ఎక్కడైనా ఆపుకోవచ్చు. కాబట్టి వాళ్లకు తంబురా తప్ప వేరే సలహా ఇవ్వను. ఫ్రెంచ్ హార్న్‌కి బెల్‌లో పెట్టిన కుడిచెయ్యి ఉంది, మూస్తే స్వరం దిగుతుంది. యుఫోనియం కొనేవాళ్లు వీలైతే నాలుగో వాల్వ్ ఉన్నది తీసుకోండి. 1-3 బదులు నాలుగోది ఒక్కటే, 1-2-3 బదులు 2-4 నొక్కవచ్చు. కాంపెన్సేటింగ్ రకం అయితే ఇంకా మంచిది. నాలుగో వాల్వ్‌తో కలిపి నొక్కినప్పుడు తక్కువపడే గొట్టాన్ని అదే కలుపుకుంటుంది. 1874 లో లండన్‌లో బ్లేక్లీ కనిపెట్టిన ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ.

ఎవరికి ఏది

మొదటి ఏడాది పిల్లలకు: పాడించడం, తంబురాతో నిలిపే స్వరాలు. ట్యూనర్ సాధన మొదట్లో ఒక్క స్వరం సరిచూసుకోవడానికే. ఆడిషన్ దగ్గరపడ్డ హైస్కూల్ పిల్లలకు ట్యూనర్ కాగితమూ రికార్డింగూ, రెండూ కావాలి. పెద్దయ్యాక ఒంటరిగా నేర్చుకుంటున్నవాళ్లకు తంబురా, పైన చెప్పిన రికార్డు మీద ఊదే సాధన. బ్యాండ్ మేళంలో ఊదేవాళ్లకు చెవి ఎలాగూ పదునుగానే ఉంటుంది, వాళ్ల ఇబ్బంది ఎక్కువగా స్లైడ్‌లది, ఎండది.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోకండి. గాలి వేడెక్కితే గొట్టంలో శబ్దవేగం పెరిగి స్వరం పైకి పోతుంది. డిగ్రీకి మూడు సెంట్ల వరకు ఉండవచ్చు, మన ఊపిరి వేడి వల్ల ఆ తేడా కొంత తగ్గుతుంది. మే నెలలో ఊరేగింపులో ఊది, ఏసీ హాల్లోకి వచ్చి అదే స్లైడ్‌తో కీబోర్డు పక్కన నిలబడితే కలవదు. కీబోర్డు కదలదు, మీరే కదలాలి. ఎక్కడికి వెళ్లినా ఐదు నిమిషాలు ఊది వాయిద్యం వేడెక్కాకే శ్రుతి చూసుకోండి. చల్లటి వాయిద్యాన్ని శ్రుతి చేస్తే పావుగంటలో మారిపోతుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ప్రాక్టీస్ మ్యూట్ (శబ్దం తగ్గించడానికి బెల్‌లో పెట్టే మూత) వాడక తప్పదు. మ్యూట్ పెడితే చాలావరకు స్వరం పైకి పోతుంది, అన్ని స్వరాలూ సమానంగా కూడా పోవు. దానికి సరిపడా మెయిన్ స్లైడ్ లాగి అలవాటైతే, మ్యూట్ తీసిన రోజు అన్నీ తప్పుతాయి. మ్యూట్‌తో వేళ్లూ లయా చూసుకోండి. శ్రుతి పని మ్యూట్ లేకుండానే చెయ్యాలి, అందుకోసం సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు పక్కింటివాళ్లతో మాట్లాడి ఖాయం చేసుకోండి.